‘చెక్’ నసబ్‌నామా

‘షుగర్‌కు చెక్’. ‘దోమలకు చెక్’. ‘ఇసుక దందాకు చెక్’. ‘అసమ్మతికి చెక్ పెట్టిన అధిష్ఠానం’. తెలుగు పత్రికలో ఈ మాట లేని రోజు ఉంటుందా? డెస్కులో పనిచేసే మాలాంటి వాళ్ళకు చెక్ ఒక నేమత్. సింగిల్ కాలమ్ హెడ్డింగులో ‘అడ్డుకట్ట’ పట్టదు. ‘కళ్ళెం’ పాతబడిపోయింది. ‘నిరోధం’ అంటే పాఠకులకు వేరే సరుకు గుర్తొస్తుంది. చెక్ మాత్రం ఎంత ఇరుకు సందులోనైనా ఇట్టే దూరిపోతుంది.

అదే పేజీలో కిందికి రండి. లబ్ధిదారులకు చెక్కుల పంపిణీ. వరదకు కొట్టుకుపోయిన చెక్‌డ్యాం. చెక్‌పోస్టులో పట్టుబడ్డ గంజాయి లారీ. ఉచిత హెల్త్ చెకప్ క్యాంపు. బస్సులో టికెట్ చెకింగ్. నిందితుడు పారిపోయేటప్పుడు వేసుకున్నది చెక్స్ చొక్కా. స్పోర్ట్స్ పేజీలో చెక్ రిపబ్లిక్ టెన్నిస్ అమ్మాయి కూడా ఉంటుంది గానీ ఆమెను వదిలేద్దాం, ఆ చెక్ ఒక స్లావ్ జాతి పేరు, ఈ ఖాందాన్‌కు చుట్టం కాదు. తెలుగు లిపి వాళ్ళిద్దరికీ ఒకే చొక్కా తొడిగింది, అంతే.

మిగతావన్నీ మాత్రం ఒకే కడుపున పుట్టినవి. ఆపడం, పరీక్షించడం, బ్యాంకు కాగితం, గుడ్డ మీది గళ్ళు, దారిలో అడ్డుకర్ర. ఈ అర్థాలకు ఒకదానితో ఒకటి ఏం వాస్తా? ఇంగ్లిషు డిక్షనరీ ముందు పెట్టుకుని కూర్చున్నా పైకి ఏమీ కనబడదు. ఉర్దూ మీడియంలో చదివినవాడికి మాత్రం ఒక చోట చటుక్కున కనబడుతుంది. ఆ చోటు చదరంగం బల్ల.

దాని దగ్గరికి పోయే ముందు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ వెతుకులాట మొదలైంది అక్కడే. నేను పదో తరగతి దాకా ఉర్దూలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని మాటలకు కులాలుంటాయని అక్కడే నేర్చుకున్నా. ఉద్యోగంలో చేరాక, పేరెందుకులెండి, ఒక పత్రికలో నా కాపీలోంచి ‘జిద్దు’, ‘పరేషాన్’, ‘ఇజ్జత్’ లాంటి మాటలు ఎర్ర ఇంకు కింద శహీద్ అయ్యేవి. ‘మన పాఠకుడికి అర్థం కావు’ అనేవారు. చెక్‌కు మాత్రం ఎప్పుడూ చెక్ పడలేదు. ఒకరోజు నేను ‘అధికారులు గోదాములు చెక్ చేశారు’ అని రాస్తే మా పెద్ద సబ్ఎడిటర్ గారు దాన్ని ‘తనిఖీ చేశారు’ అని మార్చి, ‘ఇదీ మంచి తెలుగు’ అన్నారు. ఆయన పెద్దమనిషి, నేనేమీ అనలేదు. కానీ తనిఖీ అరబ్బీ ‘తన్‌ఖీహ్’ కదా! చెట్టుకు అనవసరపు కొమ్మలు నరకడం, మాటలోంచి పొల్లు తీసేయడం, విచారించి తేల్చడం దాని అర్థాలు. కచేరీ భాష మీదుగా తెలుగులోకొచ్చి ఎన్ని తరాలైందో, ఇప్పుడు ఇంటి మనిషే. మరి చెక్? ఆయన ఇంగ్లిషు అనుకుని తీసేసిన ఆ మాట అసల్లో ఫార్సీ.

ఇక బల్ల దగ్గరికి వద్దాం. మా మొహల్లాలో సాయంత్రం పూట పెద్దవాళ్ళు చబూత్రా మీద షత్రంజ్ పరిచేవారు. ఎదుటివాడి రాజు ప్రమాదంలో పడితే ‘షహ్!’ అనేవారు. ఇంకొందరు ‘కిష్త్’ అనేవారు. షహ్ అంటే షా, అంటే బాద్‌షా. ‘అయ్యా, నీ రాజును చూసుకో’ అని చెప్పడానికి రాజు పేరు పిలవడమే రివాజు. ఆ పిలుపే చెక్. షా ఫార్సీ నుంచి అరబ్బీకి, అరబ్బీ నుంచి లాటిన్‌కు, లాటిన్ నుంచి పాత ఫ్రెంచికి పోయి, అక్కడ ‘ఎషెక్’ అయి, ఇంగ్లిషులో ‘చెక్’ అయింది. ఎషెక్‌కు బహువచనం ఏదుందో అది ‘చెస్’ అయింది. అంటే చెస్ అనే మాటకు అర్థం ‘షాలు’. ఒక్క రాజైతే చెక్, ఇద్దరు రాజులు ఎదురెదురుగా కూర్చుంటే చెస్. ఆట ముగించే ‘చెక్‌మేట్’ అయితే మన షహ్‌మాత్. ఉర్దూలో ఇప్పటికీ మాత్ ఖానా అంటే ఓడిపోవడం. ఈ మాత్‌ను అరబ్బీగా తీసుకుంటే రాజు చచ్చాడని అర్థం. ఫార్సీగా తీసుకుంటే దిక్కుతోచక నిలబడిపోయాడని. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. చదరంగంలో రాజును ఎవరూ చంపరు కదా. పారిపోవడానికి గడి లేకుండా చేస్తారు, అంతే.

ఇంకా వెనక్కి పోతే దిల్‌చస్ప్‌గా ఉంటుంది. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దం చివర్లో దారియస్ బాద్‌షా, మా ఉర్దూ పాఠాల్లో దారా, బిసుతూన్ కొండ మీద తన ఘనకార్యాలు చెక్కించుకున్నాడు. అందులో రాజు అనే మాట ‘ఖ్షాయథియ’. అదే అరిగి అరిగి షా అయింది. సంస్కృతంలో క్షత్ర, క్షత్రియ పుట్టిన ధాతువు, ఇది పుట్టిన ధాతువు ఒకటే. ఇక ఆట సంగతి మీకు తెలిసిందే. చతురంగం ఇక్కణ్ణుంచి పోయింది. హిందుస్తాన్ రాజు ఒకాయన ‘దీని గుట్టు విప్పండి చూద్దాం’ అని నౌషీర్వాన్ దర్బారుకు బల్ల పంపించాడనీ, బుజుర్గ్‌మెహర్ అనే వజీరు ఆ గుట్టు విప్పాడనీ పహ్లవీలో ఒక కథ ఉంది. ఫిర్దౌసీ షాహ్‌నామాలో కూడా ఉంది. నౌషీర్వాన్ పాలించింది 531 నుంచి 579 దాకా. పహ్లవీలో చత్రంగ్ అయిన ఆట అరబ్బుల చేతికి వచ్చేసరికి షత్రంజ్ అయింది, ఎందుకంటే అరబ్బీలో చకారమూ లేదు, గకారమూ లేదు. ఆట మనది, అందులో పెట్టే కేక ఇరాన్‌ది, దాన్ని మోసుకుపోయింది అరబ్బులు, మార్కెటింగ్ ఇంగ్లిషువాళ్ళది.

ఉర్దూలో ఇంకో తమాషా ఉంది. ‘షహ్ దేనా’ అంటే చెక్ పెట్టడం. దానికే ఒకర్ని ఉసిగొల్పడం, ‘నువ్వు కొట్టు, నేను చూసుకుంటా’ అని వెనక నిలబడటం అనే అర్థం కూడా ఉంది. గల్లీలో గొడవ జరిగితే ‘వీడికి షహ్ ఇచ్చిందెవడు?’ అని అడుగుతారు. ఒకే మాట అడ్డుకోవడానికీ, ఎగదోయడానికీ. ప్రభుత్వాల వార్తలు రాసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు.

రాజుకు పెట్టే కేక బ్యాంకు కాగితం ఎట్లా అయింది? ఈ సఫర్‌లో నాకు బాగా నచ్చిన మంజిల్ 12వ శతాబ్దపు ఇంగ్లండు. అక్కడి రాజు మొదటి హెన్రీ కాలానికే జమాఖర్చులు చూసే ఒక కచేరీ ఏర్పడింది. ఏటా జిల్లాల నుంచి షెరిఫ్‌లు వచ్చి, రాజుగారి రాబడిలో ఎంత కట్టారో, ఎంత బాకీ పడ్డారో హిసాబ్ చెప్పాలి. మన జమాబందీ లాంటిదే. అప్పటికి అక్కడ సున్నా వాడకం లేదు, రోమన్ అంకెలు. మూడు వేల నాలుగు వందల పద్దెనిమిదిలోంచి తొమ్మిది వందల ఇరవై ఏడు రోమన్ అంకెల్లో తీసేసి చూడండి, తల తిరుగుతుంది. ఉర్దూలో అంకెను ‘హిందసా’ అంటాం. ఆ హిందసాలు వాళ్ళకింకా అందలేదు. అందుకని ఒక బల్ల చేసుకున్నారు.

ఆ బల్ల ఎట్లా ఉండేదో రాసిపెట్టినవాడు రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే ఖజానాదారు, రెండో హెన్రీ దగ్గర పనిచేశాడు. 1170ల చివర్లో లాటిన్‌లో గురుశిష్యుల సవాల్ జవాబ్ రూపంలో పుస్తకం రాశాడు. బల్ల పొడవు సుమారు 10 అడుగులు, వెడల్పు 5 అడుగులు. మీద పెట్టినవి జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. దానిమీద పరిచే నల్లగుడ్డ ఈస్టరు గడువుకు కొత్తది కొనేవారు. గుడ్డ మీద గీతలు గీసి గళ్ళు. ఒక వరుస పెన్నీలది, పక్కది షిల్లింగులది, ఆ పక్కది పౌన్లది, తర్వాత ఇరవైలు, వందలు, వేలు. గడుల్లో బిళ్ళలు పెట్టి, కట్టాల్సింది పైన, కట్టింది కింద పేర్చి, తీసేస్తూ పోతే మిగిలిందే బాకీ. చదువురాని షెరిఫ్‌కు కూడా కళ్ళెదుటే కనబడుతుంది.

గళ్ళ బల్ల కాబట్టి చూసినవాళ్ళకు చదరంగం గుర్తొచ్చింది. లాటిన్‌లో చదరంగపు బల్ల ‘స్కాకారియం’, ఫ్రెంచిలో ‘ఎషెకియె’, ఇంగ్లిషులో చివరికి ‘ఎక్స్‌చెకర్’. రిచర్డ్ ఈ పోలికను ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయాడు. చదరంగంలో ఇద్దరు రాజుల మధ్య యుద్ధం జరిగినట్టే ఇక్కడ ఖజానాదారుకూ, లెక్క చెప్పడానికి కూర్చున్న షెరిఫ్‌కూ మధ్య పోరు నడుస్తుంది, మిగతావాళ్ళు చుట్టూ కూర్చుని తీర్పరులుగా చూస్తారు అంటాడు. నేను చాలా తహసీల్ ఆఫీసులు చూశాను. పహాణీ, ఫైసల్ పట్టీ ముందేసుకుని ఇద్దరు కూర్చున్న చోటల్లా ఆ మాట నిజమే. ఇప్పటికీ బ్రిటన్ ఆర్థికమంత్రి హోదా పేరు ‘చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’. ఉర్దూలో చెప్పాలంటే వజీర్-ఎ-బిసాత్-ఎ-షత్రంజ్. మన తెలుగులో ఎక్స్‌చెకర్‌కు వాడే మాట ఖజానా. అదీ అరబ్బీయే. మా పెద్ద సబ్ఎడిటర్ గారికి ఆ రోజు ఇది కూడా చెప్పాల్సింది అనిపిస్తుంది ఒక్కోసారి.

ఆ కచేరీలో రసీదులు కాగితం మీద ఇచ్చేవారు కారు. కర్ర. హేజల్ చెట్టు పుల్ల మీద గాట్లు పెట్టేవారు. వెయ్యి పౌన్లకు అరచేతి మందం గాటు, వందకు బొటనవేలు, ఇరవైకి చిటికెనవేలు, ఒక్క పౌనుకు బార్లీ గింజ. గాట్ల మీదుగా పుల్లను నిలువునా చీల్చి, డబ్బిచ్చినవాడికి ఒక సగం, తీసుకున్నవాడికి ఒక సగం. రేపు తకరార్ వస్తే రెండూ కలిపి చూస్తారు. గాట్లు కలిస్తే నిజం, కలవకపోతే ఎవడో కత్తి ఆడించాడు. ఫోర్జరీకి ఇంతకంటే మంచి తాళం నేనింతవరకు చూడలేదు. ఈ పద్ధతి ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే 1826 దాకా సాగింది. పోగుపడ్డ పుల్లల్ని వదిలించుకుందామని 1834 అక్టోబర్ 16న ప్రభువుల సభ కింద పొయ్యిల్లో వేసి కాల్చారు. ఆ మంటకు పార్లమెంటు భవనమే కాలిపోయింది. పాత లెక్కలు తగలబెట్టబోయిన సర్కారు తన ఇల్లే కాల్చుకున్న కథ! మన దగ్గర కూడా రికార్డు గదుల్లో అగ్నిప్రమాదాలు జరుగుతుంటాయి గానీ, ఎందుకో గోడలు మాత్రం భద్రంగా ఉంటాయి.

ఇంతలో చెక్ ఊరుకోలేదు. రాజుకు ‘ఆగు’ అని చెప్పే మాట కాబట్టి ఎవర్నైనా ఆపడం అనే అర్థం ముందు వచ్చింది. చెక్‌డ్యాం, దోమలకు చెక్, అన్నీ ఆ ఇంటివే. ఆపి చూడటం, పోల్చి చూడటం అనే అర్థం చాలా ఆలస్యంగా, 17వ శతాబ్దంలో స్థిరపడింది. 18వ శతాబ్దం మొదట్లో బ్యాంకు బిల్లును కత్తిరించినప్పుడు దగ్గర ఉంచుకునే ముక్కను చెక్ అనేవారు, మోసాన్ని ఆపేది గనక. చీల్చిన పుల్లలో సగం లాంటిదే అది కూడా. క్రమంగా పేరు ముక్క మీంచి అసలు కాగితం మీదికి జరిగింది. ఎక్స్‌చెకర్ నీడ పడి ఇంగ్లిషువాళ్ళు దాని స్పెల్లింగ్ చివర క్యూ, యూ, ఈ తగిలించారు. అమెరికావాళ్ళు ఆ తోక పెట్టుకోలేదు.

ఇక్కడ ఒక వాట్సాప్ ఫార్వర్డ్ సంగతి చెప్పాలి. ‘చెక్ ముస్లింలు కనిపెట్టారు, అరబ్బీ సక్ నుంచే చెక్ వచ్చింది’ అని మా వాళ్ళ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. సక్ ఉన్న మాట హకీకతే. 10వ శతాబ్దపు సయ్యాహ్ ఇబ్న్ హౌఖల్ సహారా దక్షిణపు అంచున ఔదఘుస్త్ అనే ఊళ్ళో 42 వేల దీనార్ల సక్‌ను చూశానని రాశాడు. సిజిల్‌మాసా వర్తకుడికి రావలసిన బాకీ అది. ఎడారికి ఆ కొసన రాసిన కాగితం ఈ కొసన చెల్లుతుంది. అంత పెద్ద మొత్తం చూసి ఆయనే అచ్చెరువొందాడు. ఇప్పటి ఇస్లామీ బాండ్ల పేరు సుకూక్ కూడా ఈ సక్ బహువచనమే. ఇది నిజమైన గొప్ప, దాన్ని చెప్పుకోవచ్చు. కానీ ఇంగ్లిషు చెక్ దాని కూతురు కాదు. పోలిక చూసి నసబ్ కలపకూడదు. అయినా మాకు ఆ తోవలో పోకుండానే ఫార్సీ చుట్టరికం దొరికింది కదా, అదీ ఇస్లాం కంటే ముందు కాలానిది. దాన్ని ఏ మతం ఖాతాలో వేస్తారు?

మన వైపు హుండీలుండేవి. హైదరాబాద్ బేగంబజార్ సాహుకార్ల హుండీ బొంబాయిలో చెల్లేది. 1881లో ఇంగ్లిషు సర్కారు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం తెచ్చినప్పుడు మొదటి సెక్షన్‌లోనే, దేశీ భాషల్లో రాసిన పత్రాలకు ఉన్న స్థానిక వాడుకను ఇది ముట్టుకోదు అని రాసుకుంది. ఎందుకంటే ముట్టుకుంటే బజారు ఆగిపోతుంది. అదే చట్టంలోకి 1988 సవరణతో 138వ సెక్షన్ వచ్చింది, 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి. చెక్ బౌన్స్ అయితే ఇప్పుడు రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జుర్మానా, లేదా రెండూ.

ఈ సెక్షన్ మా బస్తీలో అందరికీ నంబరుతో సహా తెలుసు. మా చాచా కొడుకు ఒక ప్రైవేటు ఫైనాన్సు దగ్గర అప్పు తీసి ఆటో కొన్నాడు. పూచీ కింద ఖాళీ చెక్కులు, దస్తఖత్ పెట్టినవి, ఆరు. అంకె ఉండదు, తేదీ ఉండదు. కిస్తులు కట్టినన్నాళ్ళు కట్టాడు. కాలు విరిగి రెండు నెలలు ఆగాడు. అంతే, ఆరింట్లో ఒకదాని మీద ఎవరి చెయ్యో మొత్తం రాసింది. తను తీసుకున్నది ఎంత, కోర్టు సమన్లో ఉన్నది ఎంత అన్నది పోల్చి చూసే రెండో పుల్ల వాడి దగ్గర లేదు. కర్రను చీల్చి ఇద్దరికీ చెరో సగం ఇచ్చిన జమానాలో పేదవాడి చేతిలో కనీసం ఆ సగం ఉండేది. ‘భయ్యా, దస్తఖత్ నాదే, లెక్క నాది కాదు’ అని వాడు మెజిస్ట్రేటు ముందు చెప్పుకున్నాడు. దస్తఖత్ తనదని ఒప్పుకున్నాక, ఆ బాకీ లేదని రుజువు చేయాల్సిన బరువు వాడి నెత్తినే పడింది.

సర్కారు ఇచ్చే చెక్కు కథ వేరు. షాదీ ముబారక్ 2014లో 51 వేలతో మొదలై, 75,116 అయి, 2018లో 1,00,116 అయింది. చెక్కు చేతికొచ్చేలోపు ఆధార్ చెక్, ఇన్‌కమ్ సర్టిఫికెట్ చెక్, ఇంటికొచ్చి విచారణ. ఆఖరికి స్టేజీ మీద నాయకుడి చేతుల మీదుగా ఫోటో. ఒక్క చెక్కుకు ఎన్ని చెకింగులో! అయినా నేను దీన్ని వెక్కిరించను. ఆ డబ్బుతో వడ్డీ అప్పు తీర్చుకున్న తల్లిదండ్రులు నాకు తెలుసు.

గుడ్డ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చదరంగపు బల్ల గళ్ళ నుంచే గళ్ళ గుడ్డకు చెక్స్ అనే పేరు. ఉర్దూలో చార్‌ఖానా. బల్ల మీది గడినీ మనం ఖానా అనే అంటాం. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ళ గుడ్డ ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ పేరుతో పశ్చిమాఫ్రికాకు పోయేది. నైజీరియాలో కలబరీ వాళ్ళకు అది పెళ్ళికీ, చావుకూ కావాల్సిన బట్ట. మా దాదా కట్టిన గళ్ళ లుంగీ సినిమాల్లో రౌడీకి యూనిఫాం ఎందుకయిందో నాకు అంతు పట్టలేదు. వస్త్ర చరిత్ర రాసేవాళ్ళెవరైనా చెబితే వింటాను.

ఇక దారి మీది చెక్. నిజాం జమానాలో సుంకాల శాఖ పేరు కరోడ్గిరీ. ఊరి పొలిమేరలో నాకా, బండి ఆగాలి, సరుకు చూపాలి, మహసూల్ కట్టాలి. తర్వాత నాకా పోయి చెక్‌పోస్టు వచ్చింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. జూబ్లీహిల్స్‌లో మాత్రం పేరు మిగిలిపోయి, మెట్రో స్టేషన్‌కు కూడా ఎక్కింది. సరుకును చెక్ చేయడం తగ్గింది. మనిషిని చెక్ చేయడం పెరిగింది.

ఒక రాత్రి మా గల్లీని రెండు వైపులా మూసి ఇంటింటికీ వచ్చారు. కార్డన్ సెర్చ్. బండి కాగితాలు, ఆధార్, కిరాయికి ఉన్నవాళ్ళ వివరాలు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, కొట్టలేదు, అదీ చెప్పాలి. మా అమ్మీ మాత్రం తెల్లవారేదాకా దుపట్టా తీయకుండా కుర్చీలోనే కూర్చుంది. ‘ఏమైంది అమ్మీ, వెళ్ళిపోయారుగా’ అంటే, ‘మళ్ళీ వస్తే?’ అంది. నా ప్రెస్ కార్డు వాళ్ళు ఒకసారి చూసి ఇచ్చేశారు. పేరు చదివాక మళ్ళీ తీసుకుని ఇంకోసారి చూశారు. బల్ల మీద రాజును చూసుకొమ్మని పుట్టిన మాట, గడి గడికీ ప్యాదాను నిలబెట్టి నువ్వెవరని అడిగే మాట ఎప్పుడయింది? డిక్షనరీలో దానికి సంవత్సరం ఉంది, 17వ శతాబ్దం. మా గల్లీలో దానికి ఆ రాత్రి.

కానీ పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. 18వ శతాబ్దంలో రాజుల మీద అనుమానం పెరిగిన కొద్దీ అది రాజకీయంలోకి తిరిగొచ్చింది. అధికారాన్ని అధికారమే ఆపాలని మాంటెస్క్యూ 1748లో ఫ్రెంచిలో రాశాడు. 1780ల చివర్లో అమెరికా రాజ్యాంగం మీద వాదించుకున్నవాళ్ళు దాన్నే ‘చెక్స్ అండ్ బ్యాలెన్సెస్’ అన్నారు. షాకు షహ్ చెప్పే హక్కు అన్నమాట. మన రాజ్యాంగంలో 148వ అధికరణం కింద ఉన్న కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌కు నమూనా బ్రిటన్‌లో 1866 నాటి ఎక్స్‌చెకర్ అండ్ ఆడిట్ చట్టంతో వచ్చిన పదవి. అంటే కాగ్ రిపోర్టు ఆ గళ్ళ గుడ్డ బల్లకు మునిమనవరాలు. కంట్రోల్ అనే మాట కూడా ఫ్రెంచిలో ‘ఎదురు చిట్టా’, ఒక చిట్టాకు పోటీగా ఉంచే రెండో చిట్టా. చూశారా, మళ్ళీ రెండో పుల్ల.

ఆ రెండో పుల్లను కూలివాళ్ళ చేతిలో చూసింది నేను మన దగ్గరే. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఊరూరా లెక్కలు చూడటం మొదలైంది. దానికి పెట్టిన పేరు సామాజిక తనిఖీ. మా పెద్ద సబ్ఎడిటర్ గారి మంచి తెలుగు! ఊళ్ళో కూలీల పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి ఇంటింటికీ తిప్పుతారు. నువ్వు ఎన్ని రోజులు పనికి పోయావు, నీకెంత ముట్టింది అని అడిగి రాసుకుంటారు. ఆఖర్న మండలంలో ప్రజావేదిక.

నేను వార్త రాయడానికి పోయిన ఒక ప్రజావేదికలో షామియానా కింద ఒక బల్ల వేశారు. ఒకవైపు అధికారులు, ఒకవైపు ఫీల్డ్ అసిస్టెంటు, నేల మీద నాలుగు వందల మంది. ఇంటర్ చదివిన పిల్ల మైకులో పేర్లు చదువుతోంది. ఫలానా ఆమె, చెరువు పూడిక, ఆరు రోజులు, సంతకం ఉంది. వెనక వరసలోంచి ఒక ముసలామె లేచి, ‘బిడ్డా, ఆమె నా కోడలు. అప్పుడు పురిటికి తల్లిగారింట్ల ఉండె’ అంది. ఫీల్డ్ అసిస్టెంటు రిజిస్టరు పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. బల్ల దగ్గరున్న పెద్ద అధికారి కూడా వంగి చూశాడు. ఆ పిల్ల మైకు పక్కన పెట్టలేదు. ‘సార్, జవాబు చెప్పండి’ అంది.